టైప్ 1 డయాబెటిస్‌కు మూలకణాల నుంచి తయారుచేసిన బీటా కణాలు: అసలు పని ఎంతవరకు వచ్చింది?

ప్రశ్న: రాజమండ్రి నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఏడో ఏట టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. అప్పటినుంచి రోజుకు నాలుగు సూదులు వేస్తున్నాం, బడి సంచిలో గ్లూకోజు బిళ్లలు పెడుతున్నాం, రాత్రి షుగర్ పడిపోతుందేమోనని నేనో మా ఆవిడో లేచి చూస్తున్నాం. మూలకణాల నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలను పెంచి ఎక్కిస్తే పన్నెండు మందిలో పది మంది ఇన్సులిన్ మానేశారని ఒక వార్త చదివాను. చైనాలో ఒక యువతికి ఆమె సొంత కణాలతోనే ఇలా చేశారని మరో వార్త చూశాను. ఆ రోజునుంచి మనసు దాని మీదే ఉంది.

ఇంతలో మా బంధువు ఒకరు ఒక క్లినిక్ సంగతి చెప్పారు. అక్కడ పొట్ట దగ్గరి కొవ్వు తీసి, అందులోని మూలకణాలను వేరుచేసి, సెలైన్‌లో ఎక్కిస్తారట. మూడు విడతల్లో చేస్తే ఇన్సులిన్ సగానికి సగం తగ్గుతుందని, మొత్తానికి కొన్ని లక్షలు అవుతాయని ఫోనులో చెప్పారు. దీనికి తోడు పాప పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తాన్ని ఒక ప్రైవేటు బ్యాంకులో దాచిపెట్టాం, దానికి ఇప్పటికీ ఏటా డబ్బు కడుతున్నాం. అది ఇప్పుడు అక్కరకు రావచ్చని వాళ్ల ప్రతినిధి అంటున్నారు.

వార్తల్లో వచ్చిన చికిత్స, ఈ క్లినిక్ వాళ్లు చేస్తామంటున్నది ఒకటేనా? మేం దాచిన రక్తం దీనికి పనికొస్తుందా? పొలం అమ్మైనా సరే చేయించాల్సిన చికిత్స ఏదైనా ఇప్పుడు ఉందా, లేక ఆగడమే మంచిదా? ఈ విషయం తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం 1: కణశాల

నమస్కారమండీ. నేను వైద్యుణ్ని కాను. ప్రయోగశాలలో ఇదే రకం కణాలను పెంచే పని చేస్తుంటాను కాబట్టి మీ మొదటి ప్రశ్నలో కణాలకు సంబంధించిన భాగం వరకే మాట్లాడతాను, మందుల సంగతి డాక్టర్లు చెబుతారు.

మీరు చెప్పిన మూడు చోట్లా ఉన్నవి మూడు వేర్వేరు జాతుల కణాలు. కొవ్వులో దొరికేవి ఎముక, మృదులాస్థి, కొవ్వు వంటి కణజాలాలుగా మారగలవు. బొడ్డుతాడు రక్తంలో ఉండేవి రక్తకణాలను పుట్టిస్తాయి. వార్తల్లో వచ్చిన చికిత్స ఈ రెండింటితోనూ చేసింది కాదు. అది శరీరంలోని ఏ కణంగానైనా మారగల బహుశక్తి మూలకణాలతో చేసింది. ఇవి రెండు మార్గాల్లో దొరుకుతాయి: తొలిదశ పిండం నుంచి (1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ బృందం మొదట వేరుచేసింది), లేదా పెద్దవాళ్ల మామూలు కణాలను వెనక్కి నడిపించి (2006లో జపాన్‌లో షిన్యా యమనాకా ఎలుక కణాలతో, మరుసటి ఏడాది మనిషి కణాలతో చేసి చూపించారు).

అటువంటి కణాన్ని బీటా కణంగా, అంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణంగా మార్చడమంటే, పిండంలో క్లోమం ఏర్పడేటప్పుడు జరిగే వరుసనంతా గాజుపాత్రలో తిరిగి జరిపించడం. మొదట యాక్టివిన్-ఎ అనే ప్రోటీను ఇచ్చి కణాలను లోపలి పొర వైపు మళ్లిస్తాం, ఆ పొర నుంచే పేగు, కాలేయం, క్లోమం అన్నీ పుడతాయి. తరువాత పెరుగుదల ప్రోటీన్లతో ఆదిమ పేగుగొట్టం దశకు తెస్తాం, ఆపైన విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లంతో క్లోమం దారి పట్టిస్తాం. ఆ దశలో పీడీఎక్స్1, ఎన్‌కేఎక్స్6.1 అనే రెండు జన్యువులు ఒకే కణంలో పనిచేస్తున్నాయా లేదా అన్నది చూస్తాం, రెండూ వెలగని కణం చివరకు మంచి బీటా కణం కాలేదు. అక్కడినుంచి హార్మోన్లు తయారుచేసే కణాలుగా మళ్లించి, గుండ్రటి చిన్న గుత్తులుగా తిప్పుతూ పరిపక్వానికి తెస్తాం. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాల పని. ఒక దశలో ఒక పదార్థం ఒక రోజు ముందు ఇచ్చినా, తరువాత ఇచ్చినా కణాలు ఇంకో దారి పడతాయి. కొన్ని సెరటోనిన్ తయారుచేసే పేగు కణాల వంటివిగా మారిపోతాయి.

చెప్పినంత తేలికగా ఇది కుదరలేదు. 2006లో శాన్ డియాగోలోని ఒక సంస్థ పరిశోధకులు ఇన్సులిన్ ఉన్న కణాలను తయారుచేశారు కానీ, చుట్టూ గ్లూకోజు పెరిగినప్పుడు వాటికి చలనం లేదు. ఇన్సులిన్ ఉండడం వేరు, గ్లూకోజును పసిగట్టి తగినంతే విడుదల చేసి మళ్లీ ఆగడం వేరు. 2014లో హార్వర్డ్‌లోని డగ్లస్ మెల్టన్ బృందం, దాదాపు అదే సమయంలో కెనడాలో టిమొతీ కీఫర్ తదితరులు, గ్లూకోజుకు స్పందించే కణాలను పెద్ద మొత్తంలో చేయగలిగారు. మెల్టన్ గారి కొడుక్కి పసితనంలో, ఆ తరువాత కూతురికి కూడా టైప్ 1 వచ్చింది. అంతవరకు కప్పల పిండాల మీద పనిచేసిన మనిషి అక్కడితో పరిశోధనాంశమే మార్చుకున్నారు. ఆ ప్రయోగశాల నుంచి పుట్టిన సెమ్మా అనే కంపెనీని 2019లో వెర్టెక్స్ అనే మందుల కంపెనీ కొన్నది. మీరు చదివిన పన్నెండు మంది వార్త దానిదే.

కణాలు తయారవుతాయా అన్న ప్రశ్నకు, నా దృష్టిలో, జవాబు చాలావరకు దొరికేసింది. మిగిలిన చిక్కు ఒక్క వాక్యంలో చెప్పాలంటే, ఎక్కించిన కణాన్ని శరీరం చంపకుండా ఆపడం.


సమాధానం 2: పిల్లల షుగర్ డాక్టర్

కణశాల గారు ఆపిన చోటినుంచి అందుకుంటాను. నేను టైప్ 1 పిల్లలను చూసే వైద్యురాలిని. ఈ రెండు వార్తలు పట్టుకుని వచ్చే తల్లిదండ్రులు నా దగ్గరకు తరచుగానే వస్తున్నారు.

ముందు ఆ పన్నెండు మంది ప్రయోగం సంగతి. చికిత్స పేరు జిమిస్లెసెల్, ఫలితాలు 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. దాదాపు ఎనభై కోట్ల కణాలను పూర్తి మోతాదుగా ఒకేసారి కాలేయానికి వెళ్లే పోర్టల్ సిర ద్వారా ఎక్కించారు. అవి క్లోమంలోకి వెళ్లవు, కాలేయంలోనే స్థిరపడి అక్కడినుంచి ఇన్సులిన్ విడుదల చేస్తాయి. పూర్తి మోతాదు తీసుకుని ఏడాది గడిచిన పన్నెండు మందిలో అందరికీ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 7 శాతం కంటే తగ్గింది, ప్రమాదకరమైన లో షుగర్ ఘటనలు ఆగిపోయాయి, పది మందికి బయటి ఇన్సులిన్ అవసరమే లేకపోయింది. ఇంత మంచి ఫలితం మూలకణ చికిత్సలో ఇంతకుముందు లేదు. అందులో సందేహం లేదు.

ఆ పన్నెండు మందీ ఎవరు అన్నది వార్తల్లో రాలేదు. వాళ్లంతా పెద్దవాళ్లు. షుగర్ పడిపోతున్నా శరీరం హెచ్చరిక ఇవ్వని స్థితిలో ఉండి, స్పృహ తప్పి ప్రాణాపాయం దాకా వెళ్లొచ్చినవాళ్లు. కణాలను శరీరం తిరస్కరించకుండా ఉండాలంటే మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాళ్లలాగే రోగనిరోధక శక్తిని అణిచే మందులు నిత్యం వాడాలి. తక్కువ మోతాదు తీసుకున్నవాళ్లతో కలిపి ప్రయోగంలో ఉన్న మొత్తం పద్నాలుగు మందిలో ఇద్దరు మరణించారు: ఒకరు క్రిప్టోకాకస్ అనే ఫంగస్ వల్ల వచ్చిన మెనింజైటిస్‌తో, మరొకరు ముందునుంచీ ఉన్న మతిమరుపు జబ్బు ముదిరి. రెండోది చికిత్సకు సంబంధించినది కాదు. మొదటిది మాత్రం నిరోధక శక్తి తగ్గినవాళ్లలో అదను చూసి వచ్చే జబ్బు. తొమ్మిదేళ్ల పాపకు ముందున్న అరవై, డెబ్బై ఏళ్లూ అటువంటి మందులు వాడించడం, వాటివల్ల కిడ్నీలకు, అంటురోగాల విషయంలో వచ్చే ప్రమాదం తలకెత్తుకోవడం, సూదులకు సమానమైన బేరం కాదు. అందుకే పిల్లలకు దీన్ని ఇవ్వడం లేదు.

ఇక క్లినిక్ సంగతి. కొవ్వు కణాలను సెలైన్‌లో ఎక్కిస్తే అవి బీటా కణాలు కావు. మరి "మా దగ్గర చేయించుకున్న బాబుకు ఇన్సులిన్ సగం తగ్గింది" అని ఎలా చెప్పగలుగుతున్నారంటే, టైప్ 1 బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాల తరువాత చాలామంది పిల్లల్లో మిగిలి ఉన్న బీటా కణాలు కాస్త తేరుకుంటాయి. దీన్ని మేం హనీమూన్ దశ అంటాం. ఏమీ చేయకపోయినా ఆ నెలల్లో మోతాదు బాగా తగ్గుతుంది. కొందరికి ఏడాది దాకా కూడా అలాగే నడుస్తుంది. ఆ సమయంలో ఎవరు ఏం ఎక్కించినా పేరు వాళ్లకే వస్తుంది.

నిజం తేల్చే పరీక్ష ఒకటుంది, సీ-పెప్టైడ్. బీటా కణం ఇన్సులిన్‌ను విడుదల చేసిన ప్రతిసారీ అంతే లెక్కలో సీ-పెప్టైడ్ అనే ముక్కనూ వదులుతుంది. మనం సూదితో వేసే ఇన్సులిన్‌లో ఆ ముక్క ఉండదు. కాబట్టి రక్తంలో సీ-పెప్టైడ్ కనిపిస్తే అది లోపలి కణాలు తయారుచేసిన ఇన్సులిన్‌కే సాక్ష్యం. జిమిస్లెసెల్ ప్రయోగంలో మొదట అసలు కనిపించని సీ-పెప్టైడ్ కణాలు ఎక్కించాక కనిపించింది, ఆ ఫలితాన్ని నమ్మడానికి ఆధారం అదే. మీ క్లినిక్ వాళ్లను భోజనం తరువాత తీసిన సీ-పెప్టైడ్ విలువలు, చికిత్సకు ముందువీ ఏడాది తరువాతవీ, చూపించమని అడగండి. ఇన్సులిన్ మోతాదు తగ్గిందన్న మాట దానికి బదులు కాదు.

మన దేశంలో నిబంధన కూడా స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తసంబంధమైన జబ్బులకు చేసే మూలకణ మార్పిడి మినహా, మిగతాదంతా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటేనే అది ట్రయల్ కాదని అర్థం.


సమాధానం 3: పాత టైప్ 1

డాక్టర్ గారి మాటకు రెండో వైపు కూడా చెప్పాలని రాస్తున్నాను. నాకు టైప్ 1 వచ్చి ముప్పై ఏళ్లు దాటింది, ఉద్యోగరీత్యా అమెరికాలో ఉంటున్నాను. ఒంటికి గ్లూకోజు సెన్సర్, పంపు ఉన్నా, షుగర్ పడిపోయే ముందు రావలసిన వణుకు, చెమట నాకు కొన్నేళ్లుగా రావడం లేదు. నా వంటివాడికి ఆ మందుల ప్రమాదం, ఈ జబ్బు ప్రమాదం ఎదురెదురుగా పెట్టి చూస్తే తూకం మీ పాప విషయంలో ఉన్నట్టు ఉండదు. ఈ చికిత్స ఆమోదం పొందితే మా డాక్టరుతో కూర్చుని మాట్లాడతాను. మంచిది కాదు అని ఒక్క మాటలో తోసేయవద్దు, అది ఎవరికి అన్నదే ప్రశ్న.

అయితే ఏడాది ఫలితాన్ని చూసి పండుగ చేసుకోవడానికి నేను సిద్ధంగా లేను, ఎందుకంటే ఇటువంటి ఆనందం ఒకసారి చూశాను. 2000లో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షపీరో బృందం, చనిపోయిన దాతల క్లోమాల నుంచి ఐలెట్లను (బీటా కణాలు ఉండే చిన్న గుత్తులను) వేరుచేసి ఏడుగురికి ఎక్కిస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. ఇక అయిపోయింది అనుకున్నాం. అదే పద్ధతిని పలు దేశాల్లోని కేంద్రాల్లో 36 మంది మీద ప్రయత్నించి 2006లో ప్రకటించిన ఫలితాల్లో, ఏడాదికి ఇన్సులిన్ లేకుండా ఉన్నవాళ్లు 16 మంది, రెండేళ్లకు అలాగే మిగిలినవాళ్లు ఐదుగురు. చికిత్స వృథా అని కాదు, మళ్లీ ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లలో కూడా కొన్ని కణాలు బతికి ఉన్నంతవరకు ప్రమాదకరమైన లో షుగర్ ఘటనలు తగ్గాయి. తరువాతి సంవత్సరాల్లో పద్ధతులు మెరుగయ్యాయి కూడా, దాత ఐలెట్లతో చేసే ఒక చికిత్సకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ దాతలు ఎప్పుడూ చాలరు, ఒక్కొక్కరికి రెండు మూడు క్లోమాల ఐలెట్లు పట్టడం మామూలే.

మూలకణాల దారి ఆ కొరతను తీర్చేస్తుంది, అది నిజమైన పురోగతి. ఎక్కించిన కణాలు ఐదేళ్లకు, పదేళ్లకు ఎలా ఉంటాయన్నదానికి మాత్రం కాలమే సాక్ష్యం, దాన్ని ఏ కంపెనీ ముందుగా చూపించలేదు.


రాజమండ్రి నాన్న

ముగ్గురికీ ధన్యవాదాలు. క్లినిక్‌కు వెళ్లబోము, ఆ విషయం మా బంధువుకు కూడా చెప్పేశాను. ఇంకో సందేహం ఉంది. ఇబ్బందంతా నిరోధక శక్తిని అణిచే మందులతోనే కదా. చైనా యువతికి సొంత కణాలతో చేశారు కాబట్టి ఆమె శరీరం వాటిని పరాయివి అనుకోదు. మరి అలా పాప సొంత కణాలతోనే చేస్తే ఆ మందులు అక్కరలేదు కదా? బొడ్డుతాడు రక్తం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.


కణశాల

మంచి ప్రశ్న వేశారు. ఆ యువతి కథలో వార్తాపత్రికలు తేలిగ్గా దాటేసిన భాగం అదే.

చైనాలోని టియాన్‌జిన్‌లో 2023 జూన్‌లో ఆమెకు కణాలు ఎక్కించారు. పెకింగ్ విశ్వవిద్యాలయంలో డెంగ్ హోంగ్‌క్వీ బృందం ఆమె సొంత కణాలను జన్యువులతో కాకుండా రసాయనాలతో బహుశక్తి దశకు వెనక్కి నడిపించి, వాటినుంచి ఐలెట్లు చేసి, కాలేయంలో కాకుండా పొట్ట ముందు కండరపు పొర కింద పెట్టారు. కండరంలో పెడితే స్కానింగులో చూడవచ్చు, తేడా వస్తే తీసేయవచ్చు. మూలకణ దశలోనే ఉండిపోయిన కణం ఒక్కటి మిగిలినా టెరటోమా అనే గడ్డ పెరిగే అవకాశం ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. దాదాపు రెండున్నర నెలలకు ఆమె ఇన్సులిన్ మానేసింది, ఏడాది తరువాత కూడా మళ్లీ అవసరం పడలేదు. కానీ ఆమెకు అంతకుముందే కాలేయ మార్పిడి జరిగి ఉంది. అందువల్ల నిరోధక శక్తిని అణిచే మందులు ఎలాగూ వాడుతూనే ఉంది. మీరు అడిగిన ప్రశ్నకు ఆ ఒక్క మనిషి శరీరం జవాబు చెప్పే పరిస్థితిలో లేదు.

పైగా టైప్ 1లో బీటా కణాలను చంపింది పరాయి కణాల మీద ఉండే పగ కాదు. శరీరం తన సొంత బీటా కణాన్నే శత్రువుగా గుర్తించి చంపింది. ఇంట్లోవాడి మీదే కేసు పెట్టినవాళ్లు, అదే మనిషి కొత్త చొక్కా వేసుకుని వస్తే ఊరుకోరు. సొంత కణాలతో చేస్తే అవయవ మార్పిడిలో ఉండే తిరస్కరణ తగ్గుతుంది, మొదటి దాడి మాత్రం ఆగదు. దీనికి తోడు ఒక్కొక్కరికి విడిగా కణాలు తయారుచేసి, ఒక్కొక్కరి కణాలకు విడిగా భద్రతా పరీక్షలు చేయాలంటే అయ్యే ఖర్చు, పట్టే కాలం ఊహించుకోండి.

ఆ మందులు లేకుండా కణాలను ఈ దాడి నుంచి కాపాడడానికి రెండు దారులు ప్రయత్నించారు. ఒకటి, గ్లూకోజు, ఇన్సులిన్ మాత్రమే దాటగలిగే పొర ఉన్న చిన్న సంచిలో కణాలను పెట్టి, నిరోధక కణాలు లోపలికి రాకుండా చూడడం. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ సంచి చుట్టూ శరీరం మచ్చ కణజాలాన్ని పెంచుతుంది, లోపలి కణాలకు ప్రాణవాయువు అందదు. వెర్టెక్స్ వాళ్లే వీఎక్స్-264 పేరుతో దీన్ని ప్రయత్నించి, తగినంత సీ-పెప్టైడ్ రాలేదని 2025 మార్చిలో ఆపేశారు. నాకు ఈ దారి మీద మొదటినుంచీ పెద్ద నమ్మకం లేదు, అయినా ప్రయత్నించకుండా తెలిసేది కాదు.

రెండోది, కణం జన్యువులనే మార్చడం. నిరోధక కణాలు గుర్తుపట్టే హెచ్‌ఎల్‌ఏ గుర్తులను కణం పైనుంచి తీసేసి, "నన్ను తినకు" అని చెప్పే సీడీ47 అనే ప్రోటీనును ఎక్కువ చేస్తారు. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఇలా మార్చిన ఐలెట్ కణాలను ఒక టైప్ 1 రోగి ముంజేతి కండరంలో పెట్టారు. నిరోధక శక్తిని అణిచే మందు ఒక్కటీ ఇవ్వలేదు. పన్నెండు వారాలకు కూడా ఆ కణాలు బతికి సీ-పెప్టైడ్ విడుదల చేస్తున్నాయని 2025లో ప్రకటించారు. మోతాదు చాలా తక్కువ కాబట్టి ఆ రోగి ఇన్సులిన్ మానలేదు, ఆ ఐలెట్లు కూడా దాత నుంచి వచ్చినవే, మూలకణాలవి కావు. అయినా పన్నెండు మంది వార్త కంటే ఈ ఒక్కరి వార్తే మీ పాపకు ఎక్కువ సంబంధించినదని నా అభిప్రాయం. ఈ మార్పులను మూలకణంలోనే చేసి, దాన్నుంచి ఐలెట్లు పెంచే పని ఇప్పుడు జరుగుతోంది. ఇందులో దాచిన ప్రమాదం ఒకటుంది: నిరోధక వ్యవస్థ కంటికి కనిపించని కణం రేపు క్యాన్సర్‌గా మారితే, దాన్నీ ఆ వ్యవస్థ చూడలేదు. అందుకే దీన్ని నెమ్మదిగా చేస్తున్నారు, అలాగే చేయాలి కూడా.


పిల్లల షుగర్ డాక్టర్

బొడ్డుతాడు రక్తం మాట నేను చెబుతాను. ఇది ఊహతో తేల్చే విషయం కాదు, చేసి చూశారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో టైప్ 1 వచ్చిన పిల్లలకు, పుట్టినప్పుడు దాచిన వాళ్ల సొంత బొడ్డుతాడు రక్తాన్నే తిరిగి ఎక్కించారు. పిల్లలకు హాని జరగలేదు కానీ, సీ-పెప్టైడ్ మామూలుగా తగ్గిపోయే తీరులోనే తగ్గిపోయింది. అది రక్తకణాలను పుట్టించే వనరు అని కణశాల గారు చెప్పారు కదా, కారణం అదే. సొంత వాడకం కోసం ప్రైవేటుగా దాచుకోవడాన్ని మన వైద్య పరిశోధన మండలి సమర్థించడం లేదు. రేపు పాప సొంత కణాలతో ఐలెట్లు చేసే రోజు వచ్చినా, దానికి కావలసిన కణాలు అప్పటికప్పుడు కొద్దిపాటి రక్తం నుంచో చర్మం నుంచో దొరుకుతాయి. ఆ ఏటేటా కట్టే రుసుము ఈ జబ్బు కోసమైతే కట్టవలసిన పని లేదు.

ఆ డబ్బుతో వీలైతే పాపకు గ్లూకోజు సెన్సర్ పెట్టించండి. రాత్రి షుగర్ పడిపోతుంటే అదే మోగి లేపుతుంది, మీ ఇద్దరికీ నిద్ర దక్కుతుంది. రేపు ఏ కొత్త చికిత్స వచ్చినా, కళ్లు, మూత్రపిండాలు చెడకుండా అక్కడికి చేరిన పిల్లలకే అది పూర్తిగా ఉపయోగపడుతుంది. కాబట్టి ఇప్పుడు హెచ్‌బీఏ1సీని అదుపులో ఉంచడం కూడా ఆ చికిత్సలో భాగమే అనుకోండి.

ఎవరైనా మళ్లీ ట్రయల్ అని చెప్పి పిలిస్తే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో దాని నమోదు సంఖ్య అడిగి, వెబ్‌సైటులో మీరే వెతికి చూడండి. అక్కడ ఏ కణాలు, ఏ వయసువాళ్లకు, ఏ సంస్థలో అన్నది రాసి ఉంటుంది. నమోదు ఒక్కటే చికిత్స మంచిదనడానికి హామీ కాదు కాబట్టి, ఆ పేజీని ప్రింటు తీసుకుని మీ డాక్టరుకు చూపించిన తరువాతే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టండి.